పని అడగడు, పైకం అడుగుతాడు



కోతలు ముగిసి చేతిలో పనులు తగ్గిన నెలలలో మన పల్లెలలో ఒక మాట తరచుగా వినబడుతుంది. "టౌనులో ఫలానా లాడ్జిలో ఇంటర్వ్యూలు జరుగుతున్నాయట. గల్ఫుకు మనుషులను తీసుకుంటున్నారట." ఆ మాట చెవిన పడగానే కొడుకు పాస్‌పోర్టు వెదుకుతాడు. తల్లి పుస్తెల తాడు వంక చూసుకుంటుంది. తండ్రి అరెకరం కాగితాలు ఎవరి దగ్గర పెడితే ఎంత వస్తుందోనని లెక్క వేసుకుంటాడు.

వెళ్ళడం తప్పని ఈ శీర్షికలో వ్రాయబోవడం లేదు. కడప, చిత్తూరు, గోదావరి జిల్లాలనుండి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళిన తల్లులు ఎందరో ఉన్నారు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాలనుండి దుబాయి, సౌదీ, ఖతార్ దేశాలకు వెళ్ళి ఎండలో ఇటుక మోసిన తండ్రులు ఉన్నారు. వారి కష్టంతోనే పిల్లల చదువులు సాగాయి, పూరిళ్ళు పెంకుటిళ్ళయ్యాయి, ఆడపిల్లల పెళ్ళిళ్ళు జరిగాయి. అయితే అదే దారిలో వెళ్ళి ఉన్న పొలం పోగొట్టుకున్నవారు, వడ్డీ కట్టలేక ఊరు విడిచినవారు కూడా మన మధ్యనే ఉన్నారు. చాలాసార్లు ఈ ఇద్దరి మధ్య తేడా అదృష్టంలో లేదు. ఇంటర్వ్యూ రోజున ఆ బల్లకు అవతలివైపు ఎవరు కూర్చున్నారు, అతడు ఏమి అడిగాడు అన్నదానిలోనే ఉంది.

ఈ నెల నేను చెప్పదలచినది ఒక్కటే మాట. నిజంగా మనుషులు కావలసినవాడు నీ పనిని గురించి అడుగుతాడు. మోసగాడు నీ పైకాన్ని గురించి అడుగుతాడు.

ఇది ఎందుకు ఇలా ఉంటుందో ఆలోచించండి. దుబాయిలో ఒక కట్టుబడి కంపెనీకి 20 మంది తాపీమేస్త్రీలు కావాలనుకుందాము. ఆ కంపెనీ మన దేశంలో లైసెన్సు ఉన్న ఏజెంటుకు తన అవసరాన్ని కాగితం మీద వ్రాసి పంపుతుంది. దానినే డిమాండ్ లెటరు అంటారు. ఎందరు కావాలి, ఏ పనికి, జీతమెంత, ఎన్ని గంటల పని అన్నవి అందులో ఉంటాయి. తీరా అక్కడికి చేరినవాడికి తాపీ పట్టుకోవడం రాకపోతే నష్టం కంపెనీదే. వీసా ఖర్చు, టిక్కెట్టు ఖర్చు అన్నీ దండుగ. అందుచేత వారు ముందుగానే గట్టిగా పరీక్షిస్తారు. గోడ కట్టించి చూస్తారు, వెల్డింగు చేయించి చూస్తారు. ట్రేడ్ టెస్టు అనేది అందుకే. మోసగాడికి ఈ బాధ లేదు. నీకు పని వచ్చినా రాకపోయినా అతనికి ఒక్కటే. నీ దగ్గర సొమ్ము ఎంత ఉంది, ఎన్నాళ్ళలో తేగలవు అన్నదే అతనికి కావలసింది. ఇప్పుడు చెప్పబోయే గుర్తులన్నీ ఈ ఒక్క వేరునుండి పుట్టిన కొమ్మలే.

మొదటి గుర్తు: ఇంటర్వ్యూ మరీ సులువుగా ఉండడం

నాలుగు మాటలు అడిగి "నువ్వు సెలెక్టయ్యావు తమ్ముడూ" అన్నాడంటే సంతోషించే ముందు ఒక్క నిమిషం ఆగాలి. చదువుకున్న పిల్లల విషయంలో ఇది మరీ ప్రమాదకరంగా తయారైంది. చిన్న ఇంటర్వ్యూ, ఒక టైపింగ్ పరీక్ష, ఆ వెంటనే పెద్ద జీతం, హోటలు బస, రానుపోను విమానం టిక్కెట్లు అని ఆశ చూపి మనవారిని తీసుకుపోతున్నారని లావోస్ దేశంలోని మన రాయబార కార్యాలయం హెచ్చరించింది. థాయిలాండ్‌లో ఉద్యోగమని చెప్పి మయన్మార్‌లోకి దొంగదారిన తీసుకుపోతున్నారని మన విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే ప్రకటన చేసింది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు కొందరు ఏజెంట్లను అరెస్టు చేశారు. డేటా ఎంట్రీ పని అని నమ్మించి వారు మన యువకులను కాంబోడియాకు పంపారు. అక్కడ ఆ బిడ్డలను నిర్బంధించి, ఫోనులో, కంప్యూటరులో జనాన్ని మోసగించే పని చేయించారు. 2025 మార్చిలో థాయిలాండ్, మయన్మార్ సరిహద్దులోని అటువంటి చెరలనుండి విడిపించిన 549 మంది భారతీయులను రెండు రోజులలో వాయుసేన విమానాలలో స్వదేశానికి తీసుకువచ్చారు. ఆ చెరకు దారి చాలామందికి ఒక సులువైన ఇంటర్వ్యూతోనే మొదలైంది.

రెండవ గుర్తు: పని తేలకముందే సొమ్ము అడగడం

"ఇవాళ సాయంత్రంలోగా 20,000 అడ్వాన్సు కడితే నీ పేరు లిస్టులో ఉంటుంది, లేకపోతే వేరేవాళ్ళకు పోతుంది" అంటాడు. ఇక్కడ చట్టం ఏమి చెబుతుందో ప్రతి కుటుంబం తెలుసుకోవాలి. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు మన కేంద్ర ప్రభుత్వం దగ్గర 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం నమోదై ఉండాలి. అతడు తన సేవకు అభ్యర్థి దగ్గర తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలకు మించకూడదు. దానిమీద 18 శాతం జి.ఎస్.టి. కలిపితే 35,400 రూపాయలు. దానికీ రశీదు ఇచ్చి తీరాలి. పైగా ఎమిరేట్స్ దేశపు 2021 నాటి కార్మిక చట్టం ప్రకారం నియామకపు ఖర్చు యజమానే భరించాలి, పనివానినుండి వసూలు చేయరాదు. ఇక లక్షన్నర, రెండు లక్షలు నగదుగా, రశీదు లేకుండా, లాడ్జి గదిలో చేతికి ఇమ్మనేవాడిని ఏమనాలి? "రశీదు ఇస్తే నీ వీసాకే ఇబ్బంది" అని అతడు చెప్పే మాట వట్టి అబద్ధం.

మూడవ గుర్తు: లైసెన్సు నంబరు చెప్పకపోవడం

నమోదైన ప్రతి ఏజెంటుకు ఒక లైసెన్సు నంబరు ఉంటుంది. దానిని ఆఫీసులోను, ప్రకటనలలోను కనబడేలా వేయాలి. విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ ఏజెంట్ల జాబితా ఉన్నది. లైసెన్సు నడుస్తున్నదా, గడువు తీరినదా, రద్దయినదా అన్నది కూడా అందులో తెలుస్తుంది. నమోదు లేనివారని ఫిర్యాదులు వచ్చినవారి పేర్లు సైతం అక్కడ పెట్టారు. ఇంటిలో చదువుకునే పిల్లవాడు ఫోనులో పది నిమిషాలలో చూసి చెప్పగలడు. మన ఊరికి వచ్చేవాడు తరచుగా అసలు ఏజెంటు కాడు, అతని కింద తిరిగే సబ్ ఏజెంటు. "మా పెద్ద సారు బొంబాయిలో ఉంటారు, లైసెన్సు ఆయన దగ్గర ఉంది" అంటాడు. ఇలా నమోదు లేని సబ్ ఏజెంట్ల ద్వారా మనుషులను సమకూర్చడాన్ని చట్టం ఒప్పుకోదు. మీ సొమ్ము అతని చేతికి పోయినాక బొంబాయి సారు "అతడెవరో నాకు తెలియదు" అంటే మీరు చేయగలిగింది చాలా తక్కువ.

నాల్గవ గుర్తు: వేరే వీసా మీద పంపుతాననడం

"ముందు విజిట్ వీసా మీద వెళ్ళు, అక్కడికి పోయాక మార్చేస్తారు" అన్న మాటను, "ఆజాద్ వీసా, ఎక్కడైనా పని చేసుకోవచ్చు" అన్న మాటను నమ్మవద్దు. విజిట్ వీసా చూడడానికే గాని పని చేయడానికి కాదు. దాని మీద పని చేసినవాడు ఆ దేశపు చట్టం ముందు దోషి. జీతం ఎగ్గొట్టినా వెళ్ళి అడగడానికి దారి ఉండదు. ఆజాద్ వీసా అనేది చట్టంలో లేదు. ఒక యజమాని పేరున వెళ్ళి మరొకరి దగ్గర పని చేయడమే దాని అర్థం. పట్టుబడితే జైలు, ఆ పైన స్వదేశానికి పంపివేత.

పదవ తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఇ.సి.ఆర్. కోవకు చెందినదై ఉంటుంది. గల్ఫు దేశాలతో సహా 18 దేశాలకు వారు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వపు ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరి. ఆ కోవలోని స్త్రీలకు 30 సంవత్సరాలు నిండకుండా ఆ దేశాలలో పనికి క్లియరెన్సు ఇవ్వరు. 2016నుండి అటువంటి స్త్రీలను ప్రైవేటు ఏజెంట్లు కాక ప్రభుత్వ సంస్థలే పంపాలన్న నిబంధన ఉంది. అందుచేత ఒక ఏజెంటు మీ ఇంటికి వచ్చి, 24 ఏళ్ళ మీ కోడలిని కువైట్‌కు ఇంటిపనికి పంపిస్తానన్నాడంటే, ఆమె చేతిలో పెట్టబోయేది దొంగ దారి అని మీకు అప్పుడే తెలిసిపోవాలి. క్లియరెన్సు దారిలో వెళ్ళినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు కడితే, ప్రమాదంలో మరణించినా శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయల బీమా. దొంగ దారిన పంపినవాడు ఆ కుటుంబానికి ఆ ఆసరా కూడా లేకుండా చేస్తాడు.

అయిదవ గుర్తు: మాట ఒకటి, కాగితం ఒకటి

నోటితో డ్రైవరు పని అంటాడు, కాగితం మీద మరొకటి ఉంటుంది. కువైట్‌కు వెళ్ళేవారు 18 నంబరు వీసా, 20 నంబరు వీసా అన్న మాటలు వినే ఉంటారు. మొదటిది కంపెనీ పనికి, రెండవది ఇంటిపనికి. కంపెనీలో పని అని చెప్పి 20 నంబరు వీసా ఇస్తే, అక్కడ మీరు ఒక ఇంటి నౌకరే అవుతారు. కాంట్రాక్టు ఆంగ్లంలోనో అరబ్బీలోనో ఉండి, దానిని చదివి వినిపించకుండా "ఇక్కడ సంతకం పెట్టు" అంటే పెట్టవద్దు. ఖాళీ కాగితం మీద ఎట్టి పరిస్థితిలోను సంతకం పెట్టవద్దు. మాటకు, కాగితానికి పొంతన లేకపోతే ఎంత దూరం పోతుందో మనము చూశాము. రష్యాలో హెల్పరు పనులని చెప్పి తీసుకువెళ్ళిన మన యువకులను యుద్ధరంగానికి పంపిన వ్యవహారం మీద 2024 మార్చిలో సి.బి.ఐ. కేసు నమోదు చేసింది. హైదరాబాదునుండి వెళ్ళిన ఒక యువకుడు ఆ యుద్ధంలో ప్రాణం కోల్పోయాడు.

పాస్‌పోర్టు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చట్టం ప్రకారం పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు ఆస్తి. ఎంపిక జరగక ముందే, ఇంటర్వ్యూ గుమ్మంలోనే అసలు పాస్‌పోర్టు తీసుకుని అట్టే పెట్టుకునేవాడు, నీవు మనసు మార్చుకున్నా కదలకుండా నీ కాళ్ళకు తాడు వేస్తున్నాడన్నమాట. జిరాక్సు ఇవ్వండి. వీసా పనికి అసలుది ఇవ్వవలసి వస్తే, వ్రాతపూర్వకంగా రశీదు తీసుకోండి.

ఆరవ గుర్తు: తొందర, రహస్యం

"రేపటిలోగా తేల్చాలి. ఎవరికీ చెప్పవద్దు, చెబితే దిష్టి తగులుతుంది, పోటీ పెరుగుతుంది." ఈ మాటలు ఎందుకు చెబుతాడంటే, ఊరిలో తెలిసినవాడు ఒక్కడు ఆ కాగితాలు చూస్తే అతని గుట్టు బయటపడుతుంది గనుక. అన్నిటికంటె తేటతెల్లమైన గుర్తు ఇంకొకటి ఉంది. "ఎయిర్‌పోర్టులో అడిగితే చూడడానికి వెళ్తున్నానని చెప్పు, పని అని చెప్పవద్దు" అని నేర్పిస్తాడు. సక్రమమైన ఉద్యోగానికి వెళ్ళేవాడికి అబద్ధం నేర్చుకోవలసిన అవసరం ఏముంది? ఆ మాట నోట వచ్చిన క్షణమే లేచి ఇంటికి రండి.

ఏడవ గుర్తు: మనవాడినేనని చెప్పుకోవడం

ఇది వ్రాయడం కష్టమే గాని వ్రాయక తప్పదు. మోసగాడు పరాయివానిలా రాడు. మన భాష మాట్లాడతాడు, మన కులంవాడినంటాడు, మన సంఘంవాడినంటాడు. రెండు ఆదివారాలు ఆరాధనకు వచ్చి ముందు వరుసలో కూర్చుంటాడు. కానుక పెద్దగా వేస్తాడు. మూడవ ఆదివారం కాపరి దగ్గరకో సంఘ పెద్ద దగ్గరకో వచ్చి, "అయ్యగారూ, మన యౌవనస్థులకు మేలు జరుగుతుంది, ప్రకటనలలో ఒక్క మాట చెప్పండి" అంటాడు. మనిషికి ఇంత అని సంఘానికి ఇస్తానని కూడా అంటాడు. తోటి కాపరులకు, పెద్దలకు నా మనవి ఇది. లైసెన్సు, డిమాండ్ లెటరు మీ కళ్ళతో చూసి, జాబితాలో సరిపోల్చుకోనిదే ఏ ఉద్యోగ ప్రకటనా చేయవద్దు. సంఘంలో మన నోటనుండి వచ్చిన మాటను జనం విచారించరు, నమ్ముతారు. ఆ నమ్మకాన్ని అద్దెకు ఇవ్వడానికి మనకు హక్కు లేదు. అలాగే గల్ఫునుండి సెలవు మీద వచ్చిన బంధువు మంచివాడే కావచ్చును. కాని తనకు చెప్పినదే తాను చెబుతున్నాడేమో, అతనికి మాత్రం కాగితం ఎవరు చూపించారు?

ఇంటర్వ్యూలో మనమూ అడగాలి

పేదవాడు ఇంటర్వ్యూకు వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడతాడు. అడిగేది వారు, చెప్పేది మనము అనుకుంటాడు. ఆ అలవాటు మానుకోవాలి. పొలం కౌలుకు తీసుకునేటప్పుడు నీరు పారుతుందా, గట్టు ఎక్కడిదాకా అని అడగమా? దూడను కొనేటప్పుడు పళ్ళు చూడమా? బిడ్డను సముద్రం దాటించేటప్పుడు అంతకంటె తక్కువ అడిగితే ఎలాగ?

గోదావరి జిల్లాలో నాకు తెలిసిన ఒక తల్లి ఉన్నది. భర్త లేడు, చదువు లేదు. కొడుకును ఖతార్ పంపిస్తానని ఒకాయన ఇంటికి వచ్చి కూర్చున్నాడు. ఆమె మజ్జిగ ఇచ్చి, ఒక నోటు పుస్తకం, కలం ఆయన ముందు పెట్టింది.

"బాబూ, నాకు చదువు రాదు. మీ లైసెన్సు నంబరు, వాడి కంపెనీ పేరు, జీతం ఎంతో ఇందులో రాసి, కింద మీ సంతకం పెట్టండి. మా తమ్ముడి కొడుకు చేత చదివించుకుంటాను."

"ఏంటమ్మా, నేను మీవాడినే కదా! నమ్మకం లేకపోతే ఎలాగండీ?"

"నమ్మకం ఉంది కాబట్టే రాయమంటున్నాను బాబూ. లేకపోతే లోపలికే రానివ్వను కదా."

ఆయన నోటు పుస్తకం ముట్టుకోలేదు. కారులో కాగితాలున్నాయి తెస్తానని వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఆ కుర్రవాడు ఇప్పుడు రాజమండ్రిలో ఏ.సి. మెకానిక్ పని నేర్చుకుంటున్నాడు. పని చేతికి వచ్చాక సరైన దారిలో వెళ్ళవచ్చునని ఆ తల్లి అంటుంది. ఇంటి మీద అప్పు మాత్రం లేదు.

ఆమె అడిగినవే మీరూ అడగండి. లైసెన్సు నంబరు ఎంత? కంపెనీ పేరేమిటి, ఏ ఊరిలో ఉంది? డిమాండ్ లెటరు చూపిస్తారా? నెల జీతమెంత, రోజుకు ఎన్ని గంటలు, భోజనం, బస ఎవరివి? ఏ రకం వీసా? మొత్తం సొమ్మెంత, దేనికెంత, రశీదు ఇస్తారా? నిజాయితీగలవాడు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు, రోజూ చెప్పే జవాబులే గనుక. కోపం తెచ్చుకున్నాడంటే, అదే మీకు జవాబు.

ముందే సొమ్ము ఇచ్చివేసినవారు

ఇప్పటికే సొమ్ము ఇచ్చి దిగులు పడుతున్నవారు ఈ పేజీ చదువుతూ ఉండవచ్చును. సిగ్గుపడి ఇంటిలో దాచుకోవద్దు. మోసపోవడం నేరం కాదు, మోసగించడమే నేరం. ఫోనులోని సందేశాలను, సొమ్ము పంపిన వివరాలను చెరిపివేయవద్దు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత ఇచ్చారు, ఎవరు చూశారు అన్నది తేదీలతో వ్రాసి పెట్టుకోండి. పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి, దాని నకలు తీసుకోండి. హైదరాబాదులోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయానికి కూడా వ్రాయవచ్చును. విదేశాంగ శాఖవారి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 1800 11 3090. మన దేశంలో ఆ ఫోనుకు డబ్బు పడదు. సొమ్ము ఆన్‌లైనులో పంపి మోసపోయినవారు ఆలస్యం చేయకుండా 1930కు ఫోను చేయాలి. ఎంత తొందరగా చెబితే ఆ సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ. విదేశాలలో పని కోరేవారికి తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలున్నాయి. లాడ్జి గదికి వెళ్ళే ముందు ఆ గుమ్మం తొక్కి చూడండి.

ప్రియమైన తల్లిదండ్రులారా, యౌవనస్థులారా, ఆశ ఉండడం తప్పు కాదు. ఆ ఆశను చూసి బేరమాడేవాడిని గుర్తుపట్టకపోతేనే ప్రమాదం. ఈసారి మీ ఊరిలో ఇంటర్వ్యూలని విన్నప్పుడు పాస్‌పోర్టుతోబాటు ఒక నోటు పుస్తకం, ఒక కలం కూడా తీసుకువెళ్ళండి. ఒంటరిగా వెళ్ళవద్దు, చదువుకున్నవారిని ఒకరిని తోడు తీసుకువెళ్ళండి. ఆ రోజు పైకం మాత్రం ఇంటిలోనే ఉంచి వెళ్ళండి. మీ పని కావలసినవాడు, మీరు పైకం తేలేదని మిమ్మును వదులుకోడు.